మొదటి ఉప్పునీటి అక్వేరియం: చిన్న ట్యాంకుతో మొదలుపెట్టొచ్చా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉప్పునీటి చేపలు పెంచాలని ముచ్చటపడేవాళ్లు చాలామంది అడుగు పొడవు గాజు తొట్టెతోనే మొదలెడదామనుకుంటారు. ముందు చిన్నది పెట్టి చూద్దాం, చేయి తిరిగాక పెద్దది కొనుక్కుందాం అన్నది వాళ్ల లెక్క. మంచినీటి గప్పీల దగ్గర ఆ లెక్క కుదురుతుంది. ఉప్పునీటి దగ్గర తిరగబడుతుంది. నీళ్లు ఎంత తక్కువుంటే చేసిన తప్పు అంత తొందరగా చేప మీద పడుతుంది. చిన్న ట్యాంకుకే చేయి తిరిగిన మనిషి కావాలి.

అందుకని మొదటి ట్యాంకు కనీసం రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలి. అంటే 60×45×45 సెంటీమీటర్లు, లెక్కకు 121 లీటర్లు. పైన వదిలే ఖాళీ, రాళ్లు పోను అందులో నిలిచేది 100 లీటర్ల నీళ్లు. జాగా ఉంటే మూడడుగులది ఇంకా నయం, అది 182 లీటర్లు. నాలుగడుగులు దాటితే మాత్రం వారం వారం నీళ్లు మోయడం, ఉప్పు ఖర్చు రెండూ కొత్తవాళ్లను అలసట పెట్టేస్తాయి.

తేడా ఎక్కడ వస్తుంది

మొదటిది ఆవిరి. ట్యాంకులో నీళ్లు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు. ఫ్యాను గాలికి రోజుకు 5 మిల్లీమీటర్లు నీళ్లు తగ్గాయనుకోండి. 25 సెంటీమీటర్ల లోతున్న చిన్న ట్యాంకులో అది 2 శాతం. 40 సెంటీమీటర్ల లోతున్న దాంట్లో ఒకటింబావు శాతం. ఒక్కరోజుకు పెద్ద తేడా అనిపించదు. సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్లి రండి. 35 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో 35 భాగాల ఉప్పు) దగ్గర వదిలిన చిన్న ట్యాంకు 40 దాటిపోయి ఉంటుంది, పెద్దది 38 దగ్గర ఉంటుంది. 38ని చేప ఓర్చుకుంటుంది, మెల్లగా దించుకోవచ్చు. 40 దాటినచోట నత్తలు, రొయ్యలు ముందు పోతాయి, ఆపైన చేపలు.

రెండోది వేడి. చేపలకు కావలసింది 25 నుంచి 27 డిగ్రీలు. మే నెలలో మన ఇళ్లలో మధ్యాహ్నం గది వేడే 33, 34 ఉంటుంది. 35 పీపీటీ నీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు పౌనేడు మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటుంది. 32 డిగ్రీలకు అది 6 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అదే సమయంలో చేపకు ఊపిరి అవసరం పెరుగుతుంది. చిన్న ట్యాంకు గది వేడిని రెండు మూడు గంటల్లో అందుకుంటుంది, రాత్రికి అంతే తొందరగా దిగుతుంది. ఎక్కువ వేడి కంటే ఈ ఎక్కి దిగడమే చేపను ఎక్కువ నలిపేస్తుంది.

మూడోది చావు. 10 గ్రాముల చేప ఒకటి రాళ్ల సందులో చచ్చి కనపడకుండా పూర్తిగా కుళ్లిందనుకుందాం. దాని మాంసకృత్తుల నుంచి సుమారు 290 మిల్లీగ్రాముల నైట్రోజన్ అమ్మోనియాగా నీళ్లలోకి వస్తుంది. 40 లీటర్లలో అది 7 పీపీఎం (లీటరుకు 7 మిల్లీగ్రాములు), 150 లీటర్లలో 2 పీపీఎం లోపు. పైగా ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. ఆ పీహెచ్‌లో అమ్మోనియాలోని విషభాగం పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో కంటే పది రెట్లకు పైగా ఎక్కువ. మంచినీటి ట్యాంకులో చెల్లిపోయిన అజాగ్రత్త ఇక్కడ చెల్లకపోవడానికి ఇదే కారణం.

ట్యాంకు కొనేముందు టబ్బుతో పరీక్ష

ఏ గదిలో పెట్టాలో ముందే తేల్చుకోండి. 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు నిండా కుళాయి నీళ్లు పోసి, మీరు అనుకున్న చోటే పది రోజులు ఉంచండి. చిన్న పంపు ఒకటి అందులో తిప్పండి. పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి నీటి వేడి కొలిచి రాసుకోండి. నీటిమట్టం దగ్గర టేపు అంటించి, రోజూ ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూడండి. ఈ పని ఏప్రిల్, మే నెలల్లో చేస్తేనే ఉపయోగం. మధ్యాహ్నం 30 దాటుతూ ఉంటే ఆ గదికి ఏసీ గానీ, ట్యాంకుకు నీటిని చల్లబరిచే చిల్లర్ గానీ తప్పదు. ఫ్యాను నీటి మీదుగా వీస్తే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కానీ కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఉక్కపోత రోజుల్లో అంతకూడా దిగదు. దిగిన ప్రతి డిగ్రీకీ ఆవిరి రూపంలో నీళ్లు పోతాయి, మళ్లీ మొదటి సమస్యకే వస్తాం.

పడమటి గోడకు ఆనించి పెట్టకండి. డాబా కింది పై అంతస్తు గదికంటే కింది ఇంట్లో నడి గది మేలు.

స్టాండు, గాజు

రెండడుగుల ట్యాంకుకు 8 మిల్లీమీటర్ల గాజు, మూడడుగులదానికి 10 మిల్లీమీటర్లు చెప్పండి. గాజు, నీళ్లు, రాళ్లు కలిపి రెండడుగులది 140 కిలోలు, మూడడుగులది 230 కిలోల పైన తూగుతుంది. ఇనుప యాంగిల్ స్టాండు చవకే గానీ ఉప్పు చెమ్మకు ఏడాదిలోనే వెల్డింగు దగ్గర తుప్పు లేస్తుంది. ఇటుక కట్టి పైన కడప బండ పరిస్తే ఆ బెడద ఉండదు. రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూడండి. మట్టం తేడా ఉంటే గాజు అతుకు మీద ఒకేవైపు బరువు పడి, ఆర్నెల్లకో ఏడాదికో అక్కడే కారుతుంది. బండకూ గాజుకూ మధ్య అర అంగుళం థర్మోకోల్ షీటు వేయండి.

సిలికాన్ ఆరడానికి వారం ఇవ్వండి. బూజు పట్టకుండా మందు కలిపిన బాత్రూం సిలికాన్ వాడొద్దని ట్యాంకు కట్టేవాళ్లకు ముందే చెప్పండి. తర్వాత అదే స్టాండు మీద మంచినీళ్లు నింపి మూడు రోజులు చూసి, అప్పుడు ఉప్పు సంగతి ఆలోచించండి.

పైన గాజు మూత వద్దు, వేడి ఆగిపోతుంది. నైలాన్ వల ముక్కను చట్రానికి బిగించి కప్పండి. ఉప్పునీటి చేపల్లో ఎగిరి నేల మీద పడేవి చాలా ఉన్నాయి.

ఉప్పునీళ్లు ఎలా కలపాలి

పక్కనే నౌపడ ఉప్పు మడులు ఉన్నాయి కదా, ఆ కల్లుప్పు కలిపితే సముద్రపు నీళ్లే కదా అని చాలామందికి అనుమానం వస్తుంది. కాదు. మడిలో నీరు చిక్కబడేకొద్దీ ముందు సున్నం, తర్వాత జిప్సం అడుగున కూర్చుంటాయి. ఆ తర్వాతే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం మిగిలిన చేదు నీటిలోనే ఉండిపోతాయి, ఆ నీటిని బయటికి వదిలేస్తారు. అంటే మన చేతికొచ్చే కల్లుప్పు దాదాపు సోడియం క్లోరైడు ఒక్కటే. 35 పీపీటీ సముద్రపు నీళ్లు కిలో తీసుకుంటే అందులో మెగ్నీషియం 1.3 గ్రాములు, సల్ఫేటు 2.7 గ్రాములు, కాల్షియం, పొటాషియం చెరో 0.4 గ్రాములు ఉంటాయి. ఇవి లేని ఉప్పునీటిలో చేప కొన్నాళ్లు బతికినా నత్త, రొయ్య బతకవు. రొయ్యల చెరువులకు అమ్మే మినరల్ మిక్స్ కలిపి ఈ లోటు పూడ్చొద్దు. చెరువుకు సరిపోయే శుద్ధి 100 లీటర్ల గాజు ట్యాంకుకు సరిపోదు.

అక్వేరియం కోసమే తయారైన సాల్ట్ మిక్స్ కొనండి. 100 లీటర్లకు మూడున్నర నుంచి నాలుగు కిలోల మధ్య పడుతుంది. డబ్బా మీది కొలత చూసి కొంచెం తక్కువతో మొదలెట్టండి. ముందు నీళ్లు పోసి పంపు తిప్పుతూ ఉప్పు కొద్దికొద్దిగా వేయండి. ఉప్పు మీద నీళ్లు పోస్తే అడుగున చిక్కటి ద్రావణంలో కాల్షియం సున్నమై తెల్లగా విరిగిపోతుంది, అది మళ్లీ కరగదు. ఒక రోజంతా తిప్పాక 35 పీపీటీ, అంటే 1.026 సాంద్రతకు సరిచూసుకోండి.

కొలిచే సాధనం రొయ్యల రైతుల చేతుల్లో ఉండే రిఫ్రాక్టోమీటరే. సున్నా దగ్గర మంచినీళ్లతో సరిచేస్తే చాలదు, 35 దగ్గర తప్పు చూపించొచ్చు. బంగారం తూచే చిన్న కాటా మీద ఏమీ కలపని శుద్ధమైన సోడియం క్లోరైడు 3.65 గ్రాములు తూచి, 96.35 గ్రాముల ఆర్వో నీటిలో కరిగించండి. రిఫ్రాక్టోమీటరులో ఆ చుక్క సరిగ్గా 35 చూపించాలి. లేకపోతే స్క్రూ తిప్పి అక్కడికి తీసుకురండి. నెలకోసారి ఇది చేయాలి.

మంచినీళ్ల సంగతి కూడా అంతే ముఖ్యం. ఇంటి ఆర్వో మిషన్లలో రుచి కోసం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) పెంచే వాల్వు, మినరల్ కాట్రిడ్జి ఉంటాయి. వాటివల్ల 50, 80 పీపీఎం దాకా లవణాలు వస్తాయి. తాగడానికి మంచిదే, ట్యాంకుకు కాదు. ఆ రెండూ దాటేసి, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్ కాట్రిడ్జి గుండా వచ్చిన నీరు టీడీఎస్ 5 పీపీఎం లోపు చూపించాలి. ఆవిరైన లీటరు స్థానంలో రోజూ లీటరు పోస్తూ ఉంటే దాంట్లో ఉన్న ఫాస్ఫేటు, సిలికేటు ఉప్పు మడిలో ఉప్పులా ట్యాంకులోనే పేరుకుంటాయి. ఆరు నెలలకు గోడలన్నీ నాచు పట్టిపోవడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు శుభ్రంగా కనిపిస్తాయి గానీ రాగి తీగచుట్ట మీదుగా కారతాయి. రాగి నత్తలకు, రొయ్యలకు విషం. వాటిని ముట్టుకోవద్దు.

ఇక సముద్రం పక్కనే ఉంది కదా అంటారా. తేవచ్చు, కానీ ఎక్కడ, ఎప్పుడు అన్నది చూసుకోవాలి. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, బారువ దగ్గర మహేంద్రతనయ, కోనాడ దగ్గర చంపావతి కలుస్తాయి. ఈ మొగల దగ్గర నీళ్లు తేవొద్దు. హేచరీల పైపులు, చెరువుల కాలువలు కలిసేచోటా వద్దు. వానాకాలం మొదలైన దగ్గర్నుంచి శీతాకాలం వచ్చేదాకా తీరం నీటిలో ఉప్పు బాగా తగ్గుతుంది, మట్టి కలుస్తుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు, పోటు మీద ఉన్నప్పుడు, నది మొగకు దూరంగా తీసుకోండి. తెచ్చిన నీళ్లను మెత్తటి ఫిల్టరు సంచిలో వడగట్టి, 100 లీటర్లకు 30 శాతం బ్లీచింగ్ పౌడర్ 6, 7 గ్రాములు కలిపి ఒక రోజు ఉంచండి. ఇంకో రెండు రోజులు గాలి కొట్టించి, క్లోరిన్ పరీక్ష చుక్కలు వేసి చూడండి. పసుపు వస్తే క్లోరిన్ ఇంకా ఉన్నట్టు. మిగిలిన ప్రతి మిల్లీగ్రాము క్లోరిన్‌కు 7 మిల్లీగ్రాముల సోడియం థయోసల్ఫేటు కలిపితే పోతుంది. హేచరీలవాళ్లు రొయ్యపిల్లలను వదిలేముందు చేసే పని ఇలాంటిదే. ఇంత శ్రమ పడేకంటే మొదటి ఏడాది సాల్ట్ మిక్స్ వాడటమే సుఖం.

ఇసుక, రాళ్లు

మన తీరం ఇసుకను చేతిలోకి తీసుకుని చూడండి. పసుపు రేణువుల మధ్య నల్లటి, ఎర్రటి రేణువులు మెరుస్తాయి. నల్లవి ఇల్మెనైటు, మాగ్నటైటు, ఎర్రవి గార్నెటు. గాజు తుడిచే అయస్కాంతం ఆ నల్ల రేణువులను ఠక్కున పట్టుకుంటుంది. మీరు నాచు తుడుస్తున్నాననుకుంటూ గాజు మీద గీతలు గీసేస్తారు. పంపు లోపల తిరిగే రోటరు కూడా అయస్కాంతమే, దానికీ అవి అంటుకుని అరిగిస్తాయి. కాబట్టి బీచి ఇసుక వద్దు. దుకాణంలో దొరికే అరగొనైటు (సున్నపు రకం) ఇసుక ఒకటి రెండు సెంటీమీటర్ల మందాన పరవండి. అసలు ఇసుకే లేకుండా నడిపినా తప్పులేదు, శుభ్రం చేయడం తేలిక.

రాళ్లకు మనిషి తయారుచేసిన పొడి రాయి, సిరామిక్ రాయి వాడండి, 100 లీటర్లకు 10 కిలోలు. ముందు రాళ్లను అడుగు గాజు మీద కదలకుండా పేర్చి, ఆపైన ఇసుక పోయండి. ఇసుక మీద పేరిస్తే గోబీ చేప కింద తవ్వి దొంతర కూలుస్తుంది. సముద్రం నుంచి తీసిన పగడపు రాళ్లు ఎవరైనా అమ్మజూపితే కొనొద్దు. గట్టి పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. వాటిని ఉంచుకోవడమే నేరం.

సామాను

100 లీటర్ల నీటికి గంటకు 1,500 నుంచి 2,000 లీటర్ల ప్రవాహం చాలు. ఒకే పెద్ద పంపు కాకుండా రెండు చిన్న వేవ్‌మేకర్లు ఎదురెదురు గోడలకు పెట్టండి, ఒకటి ఆగినా రెండోది నీటిని కదుపుతుంది. ఒక దాన్ని కొంచెం పైకి తిప్పి నీటి ఉపరితలం అలలాడేలా చూడండి, ఆక్సిజన్ ఎక్కువ భాగం అక్కడినుంచే వస్తుంది. వెనక తగిలించే ఫిల్టరు, 100 లీటర్లకు తగిన ప్రొటీన్ స్కిమ్మరు (నీటిలోని మాలిన్యాన్ని నురగగా తీసేది) ఉండాలి. చేపలకే అయితే మామూలు తెలుపు-నీలం ఎల్‌ఈడీ రోజుకు ఎనిమిది గంటలు సరిపోతుంది. మన కోస్తాలో హీటరుతో పని డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే, 100 వాట్లది చాలు.

ప్లగ్గు బోర్డు ట్యాంకు కన్నా పైన ఉండాలి. ప్రతి వైరూ బోర్డు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, కారిన నీరు ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది. ఆ లైనుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఉప్పునీటిలో చేయి పెట్టి పని చేసే మనిషికి ఇది తప్పనిసరి.

ఒక్క రొయ్యతో నలభై రోజులు

నీళ్లు, రాళ్లు పెట్టిన మర్నాడే చేప వేయడం ఈ పనిలో జరిగే అన్ని తప్పుల్లోకీ పెద్దది. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా రాళ్ల మీద పుట్టి పెరగాలి. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మంచినీటి ట్యాంకు ఫిల్టరు స్పాంజి తెచ్చి పెడితే లాభం లేదు, ఆ బ్యాక్టీరియా ఉప్పులో సరిగా పనిచేయదు. నడుస్తున్న ఉప్పునీటి ట్యాంకు నుంచి ఒక రాయి దొరికితే చాలా మంచిది, లేదా సీసాలో అమ్మే ఉప్పునీటి బ్యాక్టీరియా.

వాటికి మేతగా పచ్చి రొయ్య ఒకటి చాలు. వంద కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్య అంటే 10 గ్రాములు, పైన చెప్పిన చేప లెక్కే దీనికీ వర్తిస్తుంది. 100 లీటర్లలో అది పూర్తిగా కుళ్లితే అమ్మోనియా 3 పీపీఎం దగ్గరికి వస్తుంది. పలచటి గుడ్డలో మూటకట్టి నీటిలో వేలాడదీయండి. రోజు విడిచి రోజు అమ్మోనియా కొలవండి. 2 పీపీఎం చేరగానే మూట తీసేయండి. వాసన వస్తుంది, నీరు తెల్లబడుతుంది, భయపడక్కర్లేదు. రెండో వారంలో, బ్యాక్టీరియా అమ్మోనియాను మార్చగా వచ్చే నైట్రైటు కనిపిస్తుంది. ఆ తర్వాత అమ్మోనియా దిగుతుంది, నైట్రైటు దిగుతుంది, అది మారగా వచ్చే నైట్రేటు ఎక్కుతుంది. రాళ్ల మీద గోధుమరంగు పొర ఒకటి వచ్చి రెండు మూడు వారాల్లో తనంతట తనే పోతుంది.

అయిపోయిందని ఎలా తెలుస్తుంది? అమ్మోనియం క్లోరైడుతో అమ్మోనియాను మళ్లీ 2 పీపీఎంకు తీసుకెళ్లండి. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వస్తే ట్యాంకు సిద్ధం. కాకపోతే ఇంకో వారం ఆగి మళ్లీ చూడండి. సిద్ధమయ్యాక సగం నీళ్లు మార్చి నైట్రేటును 20 పీపీఎం లోపుకు దించండి. చెరువులకు వాడే అమ్మోనియా కిట్టు పనికొస్తుంది, అది ఉప్పునీటికి పనిచేసేదేనా అన్నది డబ్బా మీద చూసుకోండి.

ఈ నలభై రోజులూ ఖాళీగా కూర్చోవద్దు. ట్యాంకు గాజు మీద నీటిమట్టం దగ్గర టేపు అంటించి, రోజూ పొద్దున్నే ఆ గీత దాకా ఆర్వో నీళ్లు పోయండి. ఉప్పునీళ్లు కాదు, మంచినీళ్లే. ఆవిరయ్యింది మంచినీరే కదా. ఉప్పునీళ్లతో నింపుతూ పోయి నెలకు 42, 43 పీపీటీకి తెచ్చుకునేవాళ్లు ఎందరో. రోజూ ఆ గీత దాకా నింపే ఓపిక చేపలు లేనప్పుడే అలవాటు కాకపోతే, అవి వచ్చాకా రాదు.

ఏ చేపలు

హేచరీలో పుట్టిన ఒసెల్లారిస్ క్లౌన్ చేపల జతతో మొదలెట్టండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని హేచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో అభివృద్ధి చేసింది, అడిగి తెప్పించుకోవచ్చు. హేచరీ చేప గుళిక మేత తింటుంది, గాజుకు అలవాటు పడి ఉంటుంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. పెద్దది ఆడది అవుతుంది, చిన్నది మగదిగా ఉండిపోతుంది. రెండూ సమానంగా పెద్దవైతే చావుదాకా కొట్టుకుంటాయి.

డామ్సెల్ చేపలు చవక, గట్టివి కూడా. కానీ ముందుగా వేస్తే ట్యాంకంతా నాదే అన్నట్టు తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరిమి చంపుతాయి. నీలి టాంగుకు ఈదడానికి నాలుగడుగుల పైన కావాలి. మాండరిన్ చేప బతికున్న చిన్న పురుగులే తింటుంది, కొత్త ట్యాంకులో ఆకలితో పోతుంది. లయన్ ఫిష్ ముల్లు విషం. విజయనగరం తీరంలోని చింతపల్లి రాళ్ల సందుల్లో దొరికే చారల చేపపిల్లలు ముద్దుగా ఉంటాయి గానీ జానెడు పెరిగి మిగతావాటిని బతకనివ్వవు. వాటిని అక్కడే ఉండనివ్వండి.

100 లీటర్లకు నాలుగు చిన్న చేపలు గరిష్ఠం. క్లౌన్ జత, ఒక గోబీ, రెండు నెలలు పోయాక ఇంకొకటి. నత్తలు ఐదారు, నాచు కనిపించాక వేయండి. పగడాల ఊసు మొదటి ఏడాది వద్దు.

చేపలు విశాఖ నుంచి వచ్చేవే ఎక్కువ. శ్రీకాకుళం దాకా వంద కిలోమీటర్లు, సంచిని థర్మోకోల్ పెట్టెలో పెట్టి తేవాలి. దుకాణంలో నీటి సాంద్రత ఎంతో అడిగి రాసుకోండి, చాలాచోట్ల 1.020 లోపే ఉంచుతారు. అక్కడినుంచి ఒక్కసారిగా 1.026లోకి వేస్తే చేప తట్టుకోలేదు. విడిగా ఉంచే తొట్టెలో అదే సాంద్రత కలిపి పెట్టుకుని, రోజుకు 0.001 నుంచి 0.002 చొప్పున పెంచుకుంటూ రండి.

ఆ విడి తొట్టె దగ్గరే చిన్న ట్యాంకుకు అసలు ఉపయోగం ఉంది. ఇప్పటికే అడుగున్నర ట్యాంకు కొనేసినవాళ్లు దాన్ని పారేయక్కర్లేదు. ఇసుక, రాళ్లు లేకుండా స్పాంజి ఫిల్టరు, పీవీసీ పైపు ముక్కలు రెండు పెట్టండి. స్పాంజిని ముందే పెద్ద ట్యాంకులో నెల నానబెట్టి ఉంచుకోండి. కొత్త చేప ఏదైనా 30 రోజులు ఇక్కడే ఉండాలి. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే రాగి మందు ఈ తొట్టెలోనే వేయాలి, పెద్ద ట్యాంకులో ఎప్పుడూ కాదు. రాళ్లు రాగిని పీల్చుకుంటే ఆ ట్యాంకులో ఇక నత్త బతకదు. చుక్కలు పెద్ద ట్యాంకులోనే వచ్చాయంటే చేపలన్నిటినీ తీసి, దాన్ని రెండున్నర నెలలు చేప లేకుండా నడపాలి, రోగం పురుగు ఆకలితో చచ్చేదాకా.

కొందరికి నిజంగా చిన్నది తప్ప చోటుండదు, అద్దె గది, పై అంతస్తు. వాళ్లు 60 లీటర్లకు తగ్గకుండా, ఏసీ ఉన్న గదిలో, తనంతట తానే మంచినీళ్లు నింపే ఆటో టాప్-అప్ పెట్టుకుని, ఒక గోబీ, ఒక పిస్టల్ రొయ్య, నాలుగు నత్తలతో ఆగిపోతే నడపొచ్చు. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆగండి.

వారానికోసారి పది లీటర్లు తీసి, ముందురోజు కలిపి ఉంచిన అదే ఉప్పు, అదే వేడి ఉన్న నీళ్లు పోయండి. మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత.

కరెంటు పోయినప్పుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తర్వాత ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇక్కడ ఉప్పునీటి ట్యాంకు పెట్టేవాళ్లు అక్టోబరు రాకముందే ఈ ఏర్పాటు చేసుకోవాలి. బ్యాటరీతో నడిచే గాలి పంపు, వేరే సెట్టు బ్యాటరీలు. ఇన్వర్టరు ఉంటే ఒక్క వేవ్‌మేకరు మాత్రమే దానికి తగిలించండి, లైటు, హీటరు, స్కిమ్మరు తీసేయండి. 12 వోల్టుల డీసీ పంపును నేరుగా బ్యాటరీకి కలిపితే ఇన్వర్టరు సొంతంగా తినే కరెంటు కూడా మిగులుతుంది.

తుపాను హెచ్చరిక రాగానే మేత ఆపేయండి. తిండి లేకుండా నాలుగైదు రోజులు చేపకు ఏమీ కాదు, తిన్నదాని అమ్మోనియాతోనే ప్రమాదం. ఆర్వో నీళ్లు 40 లీటర్లు, కలిపిన ఉప్పునీళ్లు 30 లీటర్లు డ్రమ్ములో ఉంచుకోండి. పంపులన్నీ ఆగిపోతే చెంబుతో నీళ్లు ముంచి అడుగు ఎత్తు నుంచి పోయండి, అరగంటకోసారి పది చెంబులు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఇంకా తరచుగా.

కరెంటు రాగానే ఫిల్టరు స్విచ్ వేయొద్దు. గంటల తరబడి ఆగిన ఫిల్టరులో బ్యాక్టీరియా చచ్చి, కుళ్లిన కోడిగుడ్డు వాసనొచ్చే నీరు నిలిచి ఉండొచ్చు. ముందు దాన్ని ట్యాంకు నుంచి తీసి, ఆ నీళ్లు మోరీలో పారబోసి, స్పాంజిని ఉప్పునీటిలో పిండి, అప్పుడు తగిలించి నడపండి.